బుడ్డి కోబీల డైరీ: పర్లాకిమిడి నుంచి లూవెన్ దాకా

2025 నవంబరు 23, ఆదివారం

పాప సెప్టెంబరులో బెల్జియం వెళ్ళింది, లూవెన్‌లో మాస్టర్స్ చదువుతోంది. అక్కడ ఆరుగురు పిల్లలకి కలిపి ఒకటే వంటిల్లు, రెండు కరెంటు పొయ్యిలు, ఓవెన్ ఉంది గానీ పాడైపోయి చాలా రోజులైందట. మొన్న రాత్రి ఫోను చేసి, "అమ్మా, చలికాలం వచ్చేసరికి ఇక్కడ ఏ కొట్లో చూసినా ఇవే, కూరల్లో చవగ్గా దొరికేవీ ఇవే, ఒక సంచీ కొనేశాను, ఉడకబెట్టి ఉప్పూ కారం వేసుకుంటే నోట్లో పెట్టుకోలేకపోయాను, వంటిల్లంతా వాసన, వీటిని ఎలా వండాలో చెప్పు" అంది. ఏమిటే అవి అంటే బ్రసెల్స్ స్ప్రౌట్స్ అంది. అక్కడి డచ్చి భాషలో స్ప్రౌట్యస్ అంటారట. నేను పేరు వినడమే తప్ప ఎప్పుడూ ముట్టుకున్నది లేదు. అంత దూరాన ఉన్న పిల్ల కూర ఎలా వండాలమ్మా అని అడిగితే నాకు తెలీదని చెప్పడానికి మనసొప్పలేదు. అందుకే ఈ డైరీ మొదలుపెట్టాను. ఓవెన్ లేకుండా, ఒక్క మూకుట్లో, అరగంటలోపు, పప్పన్నం పక్కన పెడితే ఇంకో రెండు వేసుకోవాలనిపించేలా రావాలి. అంతకంటే ఏమీ వద్దు.

మాది ఆంధ్రా సరిహద్దు పక్కనున్న ఒడిశా ఊరు పర్లాకిమిడి, ఇక్కడి బజార్లో ఇవి దొరకవు. పాతపట్నం వెళ్ళినా అంతే. విశాఖలో ఉన్న తమ్ముడు, గుణుపురం పాసింజరులో వస్తున్న మా మరిది చేతికిచ్చి మూడు ప్యాకెట్లు పంపాడు, 200 గ్రాములవి, ఒక్కోటి 190 రూపాయలు. "అక్కా, కోబీ పిల్లలకి ఇంత ధరేంటే" అన్నాడు, మా వైపు క్యాబేజీని కోబీ అంటాం.

ప్యాకెట్టు విప్పి ఒకటి అరచేతిలో పెట్టుకుని చూశాను. పెద్ద ఉసిరికాయంత ఉంది. పై రేకులు ముదురాకుపచ్చ, గట్టిగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, కింద తొడిమ దగ్గర కోసిన చోట గోధుమరంగు మచ్చ. నిలువుగా రెండు చెక్కలు చేస్తే అచ్చం క్యాబేజీయే, లోపల లేత పసుపు, మధ్యలో తెల్లటి మొదలు, దాని చుట్టూ రేకులు మడతలు మడతలుగా. క్యాబేజీ మొక్కకి తలకాయ ఒక్కటే కాస్తుంది, ఈ మొక్కకి మాత్రం మోకాలి పైదాకా ఎదిగే కాండం పొడుగునా ప్రతి ఆకు మొదట్లోనూ ఒక మొగ్గ కాస్తుంది, అవే ఇవి. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రాకలీ, నూల్‌కోల్, ఇవీ, అన్నీ ఒకే జాతి మొక్క, బ్రాసికా ఒలెరేసియా. మనుషులు వందల ఏళ్ళపాటు విత్తనం ఏరుకుంటూ ఒకదాంట్లో ఆకుని, ఒకదాంట్లో పువ్వుని, ఒకదాంట్లో మొగ్గని పెంచారు. మా అత్తయ్య చూసి "ఏటమ్మా ఇవి, బుడ్డి కోబీలా" అంది. ఇంట్లో అదే పేరు స్థిరపడిపోయింది.

అదే రోజు రాత్రి

మొదటి ప్రయత్నం, మనం కోబీ వండే పద్ధతి. శనగపప్పు నానబెట్టి, పోపు వేసి, పసుపేసి మగ్గబెట్టడమే. కాకపోతే కాయ గట్టిగా ఉంది, ఉడకదేమో అని ముందుగా కుక్కర్లో రెండు విజిల్స్ రానిచ్చాను. తప్పంతా అక్కడే జరిగింది. మూత తీసేసరికి పాప చెప్పిన వాసనే, కుళ్ళిన గుడ్డు వాసన, ముందుగది దాకా కొట్టింది. కాయలు బురద పచ్చగా మారిపోయాయి, వేలితో నొక్కితే నీళ్ళు కారుతున్నాయి. పోపు ఎంత ఘాటుగా పెట్టినా ఆ వాసన పోలేదు. మా ఆయన రెండు ముద్దలు తిని, మజ్జిగ ఉందా అన్నారు.

ఈ కోబీ కుటుంబం మొత్తానికి ఒంట్లో గంధకం ఉన్న పదార్థాలు ఉంటాయి. నీళ్ళలో ఎక్కువసేపు ఉడికితే అవి విరిగి గంధకపు వాయువులు బయటికొస్తాయి, ఎంతసేపు ఉడికిస్తే అంత వాసన. క్యాబేజీని సన్నగా తరిగి వేస్తాం కాబట్టి అది తొందరగా మగ్గిపోతుంది, మనకి అంతగా తెలీదు. ఇవి ఉండల్లా ఉన్నాయని ఎక్కువసేపు ఉడికించడం వల్లే ఈ గొడవంతా. డైరీలో రాసుకున్న మొదటి మాట: నీళ్ళు వద్దు.

నవంబరు 30

నీళ్ళు లేకుండా, అంటే కాల్చినట్టు చెయ్యాలి. ఓవెన్ ఉన్నవాళ్ళు 200 నుంచి 220 డిగ్రీల వేడిలో పెడతారు, ఇరవై పాతిక నిమిషాల్లో అంచులు మాడి తియ్యగా అవుతాయి. మాకు ఓవెన్ లేదు, పాపకి ఉన్నా లేనట్టే. కాబట్టి బూరెలు వేసే ఇనప మూకుడు తీశాను.

ప్యాకెట్టులో సగం మొదట వేశాను. కడిగి, నిలువుగా కోసి, అలాగే నూనెలో వేసేశాను. చిటపటలు, ఆవిరి, నూనె చేతిమీద చిందింది, పదినిమిషాలకి చూస్తే మళ్ళీ ఉడికినట్టే మెత్తబడ్డాయి, ఎర్రబడింది ఒకటీ అరా. రేకుల మధ్య నీళ్ళు దాక్కుని ఉంటాయని తట్టలేదు నాకు. ఆ నీళ్ళు ఆవిరైపోయేదాకా చెక్కల వేడి వంద డిగ్రీలు దాటదు, వంద దాటకపోతే ఎర్రబడడం అనేది ఉండదు.

రెండో సగం జాగ్రత్తగా చేశాను. పైన పసుపు తిరిగిన రేకులు రెండు ఒలిచి, తొడిమ సన్నటి బిళ్ళంత మాత్రమే తీశాను (ఎక్కువ తీస్తే రేకులన్నీ విడిపోతాయి), కడిగి జల్లెడలో వంచి, కోసిన చెక్కలు పాత నూలు చీర ముక్క మీద బోర్లా పరిచి అరగంట వదిలేశాను. మూకుడు బాగా కాలాక రెండు చెంచాల పల్లీ నూనె, చెక్కలు ఒక్కొక్కటీ కోసిన వైపు కిందికి ఉండేలా అమర్చాను, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా. తర్వాత అట్లకాడ పక్కన పెట్టేశాను. ఇది చాలా కష్టం, కూర మూకుట్లో ఉంటే కలపకుండా నిలబడడం మన చేతులకి అలవాటు లేదు. మధ్యమంట మీద ఐదు నిమిషాలు. మొదట సర్రుమన్న చప్పుడు మెల్లగా తగ్గి సన్నటి చిరచిరలోకి వచ్చింది, వాసన మారింది, గంధకం కాదు, వేయించిన జీడిపప్పుకి దగ్గరగా ఉండే వాసన. ఒకటి తిప్పి చూశాను. కోసిన ముఖమంతా రాగి రంగు, రేకుల గీతలు ఒక్కొక్కటీ గోధుమరంగు దారంతో కుట్టినట్టు కనబడుతున్నాయి, వీపు మాత్రం ఇంకా నిగనిగా పచ్చగానే ఉంది. అన్నీ తిరగేసి, ఉప్పు చల్లి, మంట తగ్గించి మూత సగం తెరిచి ఉంచి ఇంకో నాలుగు నిమిషాలు. ఉప్పు ముందు వేస్తే నీరు ఊరుతుంది, అందుకే తిరగేశాకే.

పైన కరకర, లోపల మెత్తన. పెద్ద మాట అనుకోనంటే ఒకటి చెప్తాను, ఆ రెండో వాయి మొదటి చెక్క నోట్లో పెట్టుకున్నప్పుడు నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, పాప తినగలదు ఇది అనిపించింది.

డిసెంబరు 2

కానీ చేదు పూర్తిగా పోలేదు. విచిత్రమేమిటంటే ఒకే వాయిలోంచి తిన్నా, నాకు కొంచెం చేదు, మా ఆయనకి అసలు లేదు, అత్తయ్యకి బాగా తెలిసింది. కూర్చుని చదివాను. నాలుక మీద చేదుని పసిగట్టే జన్యువు ఒకటి ఉంది, దాని పేరు టాస్‌2ఆర్‌38, అది మనిషికీ మనిషికీ తేడాగా ఉంటుంది, కొందరికి ఈ కూరల చేదు గట్టిగా తగులుతుంది, కొందరికి అసలు తెలీదు. కాబట్టి పిల్లలు ఇది చేదుగా ఉందంటే పెంకితనం అనుకోకూడదు, వాళ్ళ నాలుకకి అది నిజంగానే చేదు.

రెండోది నన్ను ఇంకా ఆపేసింది. 1990లలో హాన్స్ వాన్ డోర్న్ అనే డచ్చి శాస్త్రవేత్త ఈ చేదుకి కారణం సినిగ్రిన్, ప్రొగొయిట్రిన్ అనే రెండు పదార్థాలని తేల్చాడు. ఆ తర్వాత విత్తన కంపెనీలు అవి తక్కువున్న పాత రకాలు వెతికి, బాగా కాపిచ్చే రకాలతో సంకరం చేశాయి. అంటే మన ముందు తరం వాళ్ళు ఆ దేశాల్లో తిన్న చేదు ఇప్పుడు లేదు. అయితే ఆ సినిగ్రిన్ ఎక్కడ ఉంటుందో చూస్తే, మన ఆవాల్లో! ఆవాలు నీళ్ళు పోసి నూరినప్పుడు ముక్కుకెక్కే ఆ ఘాటు సినిగ్రిన్ నుంచి పుట్టిందే. కోబీలూ ఆవాలూ దాయాదులు. అప్పుడు తట్టింది, చేదుని దాచడానికి చక్కెరా తేనే వెయ్యనక్కర్లేదు, వాటి చుట్టాన్నే తెచ్చి పక్కన కూర్చోబెడితే సరి. పనసపొట్టుకీ అరటికాయకీ ఆవ పెట్టినట్టు, వీటికీ ఆవ పెట్టాలి.

డిసెంబరు 11, లక్ష్మివారం

ఆవ అనగానే మా పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) గుర్తొచ్చింది. ఒడియా వాళ్ళు ఆవ నూరి చేసే బెసర ఆమె చేతిలో ఎలా ఉంటుందో ఈ వీధంతా ఎరుగుదుము. పర్లాకిమిడిలో ఇదొక సుఖం, గోడకి అటు బెసర, ఇటు ఆవకూర, గిన్నెలు గోడ దాటుతూనే ఉంటాయి. ఈరోజు మా ఇంట్లో మార్గశిర లక్ష్మివారం, ఉల్లీ వెల్లుల్లీ లేవు. మావుసికి మార్గశిరం పున్నమితోనే అయిపోయింది (వాళ్ళ నెల పున్నమికి ముగుస్తుంది, మనది అమావాస్యకి), కాబట్టి ఆమెకి ఇవాళ వెల్లుల్లి పట్టింపు లేదు, అయినా నా కోసం లేకుండానే నూరింది.

శిల మీద ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు. నీళ్ళు చుక్కచుక్కగా వేస్తూ నూరింది. ముద్దని గ్లాసుడు నీళ్ళలో కలిపి, పసుపేసి, వేయించిన చెక్కలు అందులో వేసి ఉడికించి, చివర్లో రెండు ఆంబుల ముక్కలు వేసింది, అవి ఎండబెట్టిన మామిడి ముక్కలు, పులుపు కోసం. పులుసు అద్భుతంగా ఉంది, అన్నంలో కలుపుకుని మావుసీ నేనూ గడప మీద కూర్చుని తిన్నాం. కాయలు మాత్రం నీళ్ళు పీల్చి కరకరంతా పోగొట్టుకున్నాయి, వాటి చేదుకి మరిగిన ఆవ చేదు తోడైంది. మావుసి ఒకటి కొరికి, ఇది బంగాళాదుంపకి, చేపకి సరిపోయే పద్ధతి, వీటికి కాదు, నీ పద్ధతిలోనే పొడిగా చెయ్యి అంది. మూడు ప్యాకెట్లూ అయిపోయాయి. తమ్ముడికి ఫోను చేశాను.

డిసెంబరు 14

నాలుగు తాజా ప్యాకెట్లు, ఒక ఫ్రోజెన్ ప్యాకెట్టు వచ్చాయి.

ఇవాళ మన ఆవ. కొలత రాస్తున్నాను, పాపకి పంపాలి కాబట్టి. 400 గ్రాముల చెక్కలకి టీస్పూనున్నర ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, గోరంత అల్లం, అరచెంచా ఉప్పు, నానబెట్టిన బియ్యం ఒక చెంచా. అన్నీ సన్నికల్లు మీద కొంచెం బరకగా నూరాను. ఆవాలు ఉప్పు వేసి నూరితే చేదెక్కదని మా అమ్మ చెప్పేది, నేనూ అలాగే చేస్తాను. ముద్దని పది నిమిషాలు అలా వదిలెయ్యాలి, ఘాటు అప్పుడే ఊరుతుంది. ఆవగింజలో ఘాటు పుట్టించే ఎంజైము ఒకటి ఉంటుంది, దాని పేరు మైరోసినేజ్, గింజ నలిగి తడి తగిలితేనే పని మొదలుపెడుతుంది, గట్టి వేడి తగిలితే చచ్చిపోతుంది. అమ్మ ఎప్పుడూ పొయ్యి కట్టేశాకే ఆవ కలపమనేది, కారణం అడిగితే లేకపోతే కూర చెడుతుంది అనేది. కారణం ఇదన్నమాట.

మూకుట్లో చెక్కలు పోయినసారి చేసినట్టే, బోర్లా, కదపకుండా. తిరగేశాక మధ్యలో చోటు చేసి మినప్పప్పు, ఇంగువ, కరివేపాకు, పలాస జీడిపప్పు పది బద్దలు వేసి వేయించాను. నిమ్మకాయంత చింతపండు చిక్కగా పిసికి మూడు చెంచాల రసం పోసి, అది ఇగిరిపోగానే పొయ్యి కట్టేశాను. వంద లెక్కపెట్టి, మూకుడు సెగ కొంచెం తగ్గాక ఆవముద్ద కలిపాను.

ఇదే. కందిపప్పు, నెయ్యి, పక్కన ఇది. వేగిన తీపి ముందు తగులుతుంది, తర్వాత పులుపు, చివర్లో ఆవ ముక్కులోకి వెళ్తుంది, చేదు ఉంది కానీ కాకరకాయ వేపుడులో ఉన్నంత ఇష్టమైన చేదు. గంట తర్వాత ఆవ ఇంకా పట్టి ఇంకా బాగుంది. మా ఆయన మజ్జిగ అడగలేదు, మూకుడు అడిగారు.

డిసెంబరు 17

ఒక విషయం ఆలస్యంగా గుర్తొచ్చింది, రాయకుండా ఉండకూడదు. అత్తయ్యకి గుండె వాల్వు ఆపరేషన్ అయింది, రోజూ వార్ఫరిన్ మాత్ర వేసుకుంటుంది, రక్తం గడ్డకట్టకుండా. ఈ బుడ్డి కోబీల్లో విటమిన్ కె చాలా ఎక్కువ, పచ్చివి 100 గ్రాముల్లో 177 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది, అది ఆ మాత్ర పనిని తగ్గిస్తుంది. ఆదివారం ఆవిడ రెండోసారి వడ్డించుకుని తింది. నాకు టెన్షన్ పట్టుకుని డాక్టరుకి ఫోను చేశాను. అసలు మానెయ్యక్కర్లేదు, ఒక రోజు గిన్నెడు తిని పదిరోజులు మానేస్తేనే ఇబ్బంది, ఆకుకూరలైనా ఇవైనా రోజూ ఒకే మోతాదులో ఉండాలి, ఈ వారం రక్తపరీక్ష చేయించండి అన్నారు. చేయించాం, సరిగ్గానే ఉంది. ఇక నుంచి ఆవిడకి నాలుగు చెక్కలు, దాంతో సరి. మీ ఇంట్లో ఆ మాత్ర వేసుకునేవాళ్ళుంటే ముందే అడగండి, నాలా తర్వాత కాదు.

డిసెంబరు 21

ఫ్రోజెన్ ప్యాకెట్టు. పాప అక్కడ డబ్బులు మరీ తక్కువున్న వారం ఇవే కొంటుందట. వీటిని గడ్డకట్టించే ముందు కాసేపు వేడినీళ్ళలో ముంచి తీస్తారు, కాబట్టి సగం ఉడికే ఉంటాయి, నీళ్ళూ ఎక్కువ. ఒక వాయి పూర్తిగా కరిగించి చేశాను, మెత్తటి ముద్ద. రెండో వాయి గడ్డగా ఉన్నవి ఉన్నట్టే బాగా కాలిన మూకుట్లో వేసి, మూత అసలు పెట్టకుండా, నీరంతా పోయేదాకా పెద్దమంట మీద ఉంచి, ఆఖర్న నూనె వేశాను. తాజావాటంత కరకర రాలేదు, కానీ తినొచ్చు. వీటికి ఒక చెంచా శనగపిండి చల్లి వేయిస్తే పైన పొర కట్టి ఇంకా నయం.

తాజా, ఫ్రోజెన్ రెండూ దొరికితే తాజావే కొనమని చెప్పాను, అదీ చిన్నవి, గట్టిగా ఉన్నవి. చలి బాగా తగిలిన తర్వాత కోసినవి తియ్యగా ఉంటాయి, మంచు పడితే మొక్క గడ్డకట్టకుండా తనలో చక్కెర పెంచుకుంటుంది. ఆ రుచి పాపకే, మన ఎండలకి రాదు.

డిసెంబరు 27

రాత్రి పదిన్నరకి వీడియో కాల్, అక్కడ సాయంత్రం ఆరు. నేను ఇక్కడ నా మూకుడు పెట్టుకుని, పాప అక్కడ అడుగు మందంగా ఉన్న పెనం పెట్టుకుని, ఇద్దరం ఒకేసారి. దానికి సన్నికల్లు లేదు, ఆవాలు ఉన్నాయి గానీ నూరే దారి లేదు. అప్పుడు అదే చెప్పింది, అమ్మా, ఇక్కడ ప్రతి కొట్లో సీసాల్లో మస్టర్డ్ ముద్ద దొరుకుతుంది, ఆవాలు నూరి వెనిగర్ కలిపింది అని. ఆవా పులుపూ రెండూ అందులోనే ఉన్నాయి కదా! చింతపండు మానేసి, పొయ్యి కట్టాక రెండు చెంచాలు కలపమన్నాను. కరివేపాకు లేదు, పర్వాలేదు. దాని గదిపక్క అమ్మాయి వచ్చి, మా ఇంట్లో వీటిమీద జాజికాయ గీరుతాం అని కొంచెం గీరిందట. నేను ఇక్కడ వెంటనే డబ్బాలోంచి జాజికాయ తీసి గీరాను, నిజంగా బాగుంది, ఆవతో గొడవపడదు, నెయ్యితో కలిసిపోతుంది. తర్వాత నుంచి నా వంటలోనూ ఉంటుంది.

"కదపకు, అట్లకాడ కింద పెట్టు" అని నేను మూడుసార్లు అన్నాను. నాలుగోసారి అదే, "పెట్టేశానమ్మా, చప్పుడు విను" అని ఫోను పెనం దగ్గర పెట్టింది. సర్రు తగ్గి చిరచిర మొదలైంది. తిప్పవే ఇక అన్నాను. తిప్పి చూపించింది, రాగి రంగు.

2026 జనవరి 4

పాప ఫొటో పంపింది, ఆరు పళ్ళేలు, మధ్యలో పెనం, పెనంలో మూడు చెక్కలే మిగిలాయి. పక్కన కుక్కర్లో కందిపప్పు. నాన్నమ్మకి నాలుగే కదా అని అడిగింది, అవును నాలుగే అన్నాను.

మా ఫ్రిజ్‌లో ఆఖరి ప్యాకెట్టులో పదకొండు కాయలున్నాయి. మావుసి నిన్న గిన్నెడు మినప బడీలు (వడియాలు) ఇచ్చింది. వచ్చే ఆదివారం వాటిని వేయించి నలిపి, ఈ కాయల మీద చల్లి చూడాలి.